కొత్త నారి కట్టాక బాణాలు పైకీ కిందికీ పోతున్నాయి: చిన్న గాడి నాక్ తీసుకోవాలా, పెద్ద గాడి నాక్ తీసుకోవాలా?

రికర్వ్28:

అందరికీ నమస్కారం. పదహారు నెలలుగా రికర్వ్ (కొసలు ముందుకు వంగి ఉండే విల్లు) నేర్చుకుంటున్నాను. పూర్తిగా లాగితే వేళ్ల మీద 28 పౌండ్ల బరువు పడుతుంది. ఎక్కువగా 18 మీటర్లు వేస్తాను, ఈ మధ్యే 30 కూడా మొదలుపెట్టాను. నాలుగు వారాలుగా ఒక సమస్య నా బుర్ర తినేస్తోంది. జరిగింది జరిగినట్టు చెబితేనే మీకు అర్థమవుతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నా దగ్గర సన్నటి కార్బన్ బాణాలు పన్నెండు ఉన్నాయి. షాఫ్ట్ (బాణం కాడ) వెనక అల్యూమినియం పిన్, దాని మీద పిన్ నాక్ (నారికి తగిలించే గాడి ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్క). కొన్నప్పుడు వాటికి నీలం నాక్‌లు, చిన్న గాడివి, బిగించి ఇచ్చారు. ఏడాది పాటు వాటి గురించి ఆలోచించాల్సిన పనే పడలేదు.

పాత నారి పోగులు లేచిపోతుంటే కొత్తది చేయించుకున్నాను. పాతది 16 పోగులది, కొత్తది 18. కట్టిన మొదటి రోజే తేడా తెలిసింది. ఇదివరకు నాక్ నారి మీద కూర్చుంటే సన్నగా "టిక్" మనేది. ఇప్పుడు బొటనవేలితో నొక్కాల్సి వస్తోంది, "టక్" మని గట్టిగా పడుతోంది. గట్టిగా పట్టుకుంటే మంచిదే కదా అనుకున్నాను.

ఆ వారం నుంచే గ్రూప్ (టార్గెట్ మీద బాణాలు పడే గుంపు) చెడింది. 18 మీటర్ల దగ్గర పిడికిలంత ఉండేది. ఇప్పుడు వెడల్పు అంతే ఉంది, ఎత్తు మాత్రం రెండు పిడికిళ్లు అయింది. పక్కలకి పోవడం లేదు, పైకీ కిందికీ పోతున్నాయి. రిలీజ్‌లో, అంటే నారి వదిలే తీరులో, లోపం ఉందేమో అన్నారు. రెండు వారాలు టార్గెట్ ముఖం తీసేసి, ఐదు మీటర్ల దగ్గర నిలబడి రిలీజ్ మీదే పని చేశాను. మళ్లీ 18కి వెళ్తే అదే ఎత్తు, అదే చెదురు.

అప్పుడు పెద్ద గాడి నాక్‌లు ఒక ప్యాకెట్ తెప్పించి ఆరు బాణాలకి పెట్టాను, తెల్లవి. ఇవి నారి మీద హాయిగా కూర్చుంటాయి. కానీ రెండుసార్లు, క్లిక్కర్ (బాణం పూర్తిగా లాగగానే టక్ మనే చిన్న రేకు) దాకా లాగే లోపే, నాక్ నారి మీంచి జారి బాణం కింద పడింది. రెండుసార్లూ వదలకుండా మెల్లగా దించేశాను. చేతులు వణికాయి. ఆ తర్వాత ఆ ఆరూ వాడాలంటే భయంగా ఉంది.

డిజిటల్ కాలిపర్‌తో మధ్య సర్వింగ్ (నాక్ కూర్చునే చోట నారి చుట్టూ చుట్టిన దారం) లావు కొలిచాను. పాత నారికి 2.2 మిల్లీమీటర్లు, కొత్తదానికి 2.4. చిన్న గాడి 0.088 అంగుళాలు, అంటే సుమారు 2.24 మిల్లీమీటర్లు. పెద్ద గాడి 0.098, అంటే 2.49. నాది రెంటికీ మధ్యలో ఇరుక్కుంది.

ఇప్పుడు ఏది కొనాలి? చిన్న గాడిని సన్నటి గరుకు కాగితంతో కాస్త రుద్దితే సరిపోతుందని నా పక్కన వేసే ఒకతను చెప్పాడు, అలా చేయొచ్చా? లేక ఈ పిన్‌లు తీయించేసి, షాఫ్ట్ లోపలికి నేరుగా దిగే రకం నాక్‌కి మారిపోవాలా? రంగు విషయంలో కూడా ఏమైనా చూసుకోవాలా?


పాతనారి:

మిగతావన్నీ తర్వాత. ముందు ఆ తెల్ల నాక్‌లు ఆరూ ఇవాళే తీసి డబ్బాలో వేయండి. వదలకుండా దించారు చూశారూ, అది చాలా మంచి పని. లింబ్‌లలో (విల్లుకి పైనా కిందా వంగే చేతులు) దాచిన శక్తిలో ఎక్కువ భాగాన్ని బాణం బరువు పట్టుకెళ్తుంది. బాణం లేకుండా నారి వదిలితే ఆ శక్తికి వెళ్లే దారి ఉండదు, లింబ్‌లే భరించాలి. నాక్ నారి మీద నుంచి జారిన క్షణంలో మీ వేళ్లు తెరుచుకుని ఉంటే అదే జరిగేది.

నాకు జరిగింది. ఒక ఎండ్‌లో (ఒక విడతలో వరుసగా వేసే బాణాలు) ఒక బాణం నా ఇంకో బాణం వెనక తగిలింది. పీకి చూస్తే నాక్ బాగానే కనిపించింది. గోటితో తడిమి చూడలేదు. ఒక చెవి మొదట్లో వెంట్రుకంత చీలిక ఉంది. (నాక్‌కి అటూ ఇటూ నిలబడే రెండు కొమ్ముల్ని మేం చెవులు అంటాం.) తర్వాతి ఎండ్‌లో వదలగానే ఆ చెవి ఊడిపోయింది. బాణం పదడుగుల దూరంలో గడ్డిలో పడింది. పై లింబ్ కొస దగ్గర పొరలు విడిపోయాయి. నాకు దెబ్బ తగల్లేదు కానీ ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. అప్పటి నుంచి టార్గెట్ దగ్గర బాణం పీకిన ప్రతిసారీ రెండు చెవుల్నీ వేళ్లతో కొద్దిగా నొక్కి చూస్తాను. ఏ మాత్రం అనుమానం వచ్చినా తీసేస్తాను. తగిలిన నాక్‌ని నమ్మకూడదు.

ఇక మీ ప్రశ్న. నాక్‌కి రెండు కొలతలు ఉంటాయి. ఒకటి అది బాణానికి ఎలా పడుతుందన్నది, రెండోది నారికి ఎలా పడుతుందన్నది. కొనేటప్పుడు అందరం మొదటిదే చూస్తాం, ఎందుకంటే ప్యాకెట్ మీద పెద్దగా రాసేది అదే. నిజానికి అందులో మనం ఎంచుకునేది ఏమీ లేదు, షాఫ్టే తేల్చేస్తుంది. లోపల 0.246 అంగుళాల బోలు ఉన్న షాఫ్ట్‌కి ఆ సైజు, 0.204కి ఆ సైజు, 0.166కి ఆ సైజు. మిల్లీమీటర్లలో 6.2, 5.2, 4.2. పిన్ ఉంటే పిన్ నాక్. అంతే, అక్కడితో సరి.

మనం బుర్ర పెట్టాల్సింది రెండోదాని మీద. గాడి సరైనదా కాదా అన్నది నాక్ ఒక్కదాన్నీ చూసి చెప్పలేం. నారి మధ్యలో చుట్టిన సర్వింగ్‌తో కలిపి చూస్తేనే దానికి అర్థం. ఏడాది పాటు మీ నీలం నాక్‌లు సరిగ్గా ఉన్నాయి. అవి మారలేదు, నారి మారింది. అంటే పన్నెండు బాణాలకీ ఒకేసారి నాక్ తప్పయింది.

కాలిపర్‌ని మరీ నమ్మకండి. సర్వింగ్ మెత్తటిది, కాలిపర్ దవడలు దాన్ని నొక్కేస్తాయి. నేను కొలిస్తే ఒకటి, మీరు కొలిస్తే ఇంకొకటి వస్తుంది. దానికన్నా నమ్మకమైన పరీక్ష ఇది. విల్లుకి నారి ఎక్కించి ఉండాలి. హ్యాండిల్ కిందికి, నారి పైకి వచ్చేలా విల్లుని నేల వైపు తిప్పి పట్టుకోండి. బాణాన్ని నారికి తగిలించి, మొన కిందికి వేలాడదీయండి. తన బరువుకి తాను పడకూడదు. ఇప్పుడు నాక్‌కి మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల దూరంలో నారి మీద వేలితో చురుగ్గా ఒక్కసారి తట్టండి. ఆ తట్టుకి ఊడి పడాలి. తట్టకుండానే పడితే వదులు. రెండు మూడుసార్లు తట్టినా వేలాడుతుంటే బిగువు. పన్నెండు బాణాలకీ చేయండి, ఒక్కదానితో సరిపెట్టకండి.

బిగువైతే పైకీ కిందికీ ఎందుకు పోతుందంటే, బాణం నారిని వదిలి వెళ్లే చోట కొంత శక్తి ఆ ఊడటానికే ఖర్చవుతుంది. ప్రతిసారీ ఒకేలా ఊడితే పెద్ద నష్టం లేదు, సైట్ కాస్త జరుపుకుంటే పోతుంది. కానీ బిగువుగా ఉన్న నాక్ ఒకసారి తొందరగా, ఒకసారి ఆలస్యంగా ఊడుతుంది. వేగంలో ఆ తేడా టార్గెట్ మీద ఎత్తులో కనిపిస్తుంది. 45 పౌండ్ల విల్లయితే ఇదంతా తెలియకుండానే పోవచ్చు. మీది 28. తక్కువ పౌండేజీ విల్లుకి నాక్ ఎలా కూర్చుందన్నది చాలా పెద్ద విషయం. రెండు వారాలు రిలీజ్‌ని అనుమానించారని చదివి బాధేసింది. మీ రిలీజ్ చెడి ఉంటే బాణాలు పక్కలకి కూడా చెదిరేవి.

గరుకు కాగితం వద్దు. అచ్చులో పోసిన నాక్‌లో ఉన్న గొప్పతనమంతా పన్నెండూ ఒకేలా ఉండటమే. చేత్తో రుద్దితే పన్నెండు పన్నెండు రకాలవుతాయి. పైగా చెవి మొదట్లో, అసలు బలం కావాల్సిన చోటే, పల్చబడుతుంది.

తట్టి చూసి ఏమైందో రాయండి. ఆ తర్వాత ఏం చేయాలో చెబుతాను.


రిలీజ్‌బటన్:

నేను కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) వేస్తాను, వేళ్లతో కాక రిలీజ్ పరికరంతో వదులుతాను కాబట్టి వేళ్ల సంగతి పాతనారి గారికే వదిలేస్తున్నాను. ఒక విషయం మాత్రం మీరు చూసుకున్నారో లేదో అడగాలనిపించింది. నారి మీద నాకింగ్ పాయింట్లు (నాక్ జరగకుండా పైనా కిందా కట్టే ముడులు) రెండు ఉన్నాయా, ఒకటేనా? రెండూ ఉంటే వాటి మధ్య నాక్‌కి ఎంత చోటు ఉంది?

ఎందుకంటే పూర్తిగా లాగినప్పుడు నారి కోణంలా వంగుతుంది. విల్లు మామూలుగా ఉన్నప్పుడు పైనా కిందా అంటుకునేలా కట్టిన ముడులు, లాగేసరికి నాక్‌ని నొక్కేస్తాయి. కాంపౌండ్ పొట్టిది, కోణం ఇంకా పదును, అందుకే మాకు డీ లూప్ (నారికి కట్టే చిన్న దారపు ఉచ్చు) ముడుల మధ్య ఇది ఇంకా ఎక్కువ తెలుస్తుంది. నేను కొత్త లూప్ కట్టాక బాణం రెస్ట్ (విల్లు మీద బాణం ఆనే భాగం) మీద నుంచి తనంతట తానే లేవడం మొదలుపెట్టింది. రెస్ట్ మార్చాను, దాంట్లో బాణాన్ని మోసే లాంచర్ బ్లేడ్ మార్చాను. చివరికి చూస్తే నాక్‌కి ముడుల మధ్య ఊపిరాడే చోటు లేదు. ఊడదీసి అర మిల్లీమీటరు వదిలి కట్టాను, ఆ రోజే ఆగిపోయింది.

పిన్ తీసేయాలా అన్నదానికి నా మాట: షాఫ్ట్‌లోకి నేరుగా దిగే నాక్‌లు నేను వాడతాను, ఇష్టం కూడా. ఏ బాణమైనా గ్రూప్‌కి బయటే పడుతుంటే నాక్‌ని కొద్దిగా తిప్పి, షాఫ్ట్ ఏ వైపు వంగుతుందో మార్చి చూసుకోవచ్చు. కానీ అది పిన్ నాక్‌తోనూ చేయొచ్చు. దానికోసం మారాల్సిన పని లేదు.

వెలిగే నాక్‌లు ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బ్యాటరీతో కలిపి ఇరవై గ్రెయిన్లు (సుమారు 1.3 గ్రాములు) దాటుతాయి. అంత బరువు బాణం తోకలో చేరితే మొన వైపు ఎంత బరువు ఉండాలన్న లెక్క తప్పుతుంది. వరల్డ్ ఆర్చరీ పోటీల్లో వాటికి అనుమతి కూడా లేదు.


రికర్వ్28:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం పన్నెండింటికీ తట్టి చూశాను.

నీలం, చిన్న గాడి, ఆరు: ఒక్కటీ మొదటి తట్టుకి పడలేదు. మూడు బాణాలు ఐదోసారికి పడ్డాయి. రెండు ఎనిమిదోసారికి. ఒకదాన్ని చేత్తో లాగాల్సి వచ్చింది.

తెల్లవి, పెద్ద గాడి, ఆరు: నాలుగు వేలాడదీయగానే పడిపోయాయి. రెండు ఆగాయి కానీ విల్లు కదిపితే పడ్డాయి.

రిలీజ్‌బటన్ గారూ, మీరు అడిగింది చదివి లేచి వెళ్లి చూశాను. రెండు ముడులు ఉన్నాయి, నేనే దారంతో కట్టాను. బాణం ఎక్కించి, నాక్‌కి ఆనించి పైనా కిందా చుట్టేశాను. గట్టిగా కడితేనే కదలకుండా ఉంటుందని నా ఆలోచన. మధ్యలో చోటు అస్సలు లేదు.

అంటే రెండు నాక్‌లూ నాకు పనికిరావా? మధ్య సైజు ఎక్కడైనా దొరుకుతుందా?


పాతనారి:

దొరుకుతుందా అని వెతకకండి. మధ్య సైజు మీ చేతిలోనే ఉంది. నాక్ గాడి మార్చలేం కానీ సర్వింగ్ లావు మార్చగలం, అది నాక్ కన్నా సులువు.

మధ్య సర్వింగ్‌కి వాడే దారం రకరకాల మందాల్లో వస్తుంది. 0.018, 0.021, 0.024 అంగుళాలు మామూలుగా దొరికేవి. మీ కొత్త నారికి చుట్టింది 0.021 అనుకుందాం, చేసినవాళ్లని అడిగి తెలుసుకోండి. దాన్ని విప్పి 0.018 చుడితే ఒక్కో పక్క 0.003 తగ్గుతుంది, రెండు పక్కలా కలిపి 0.006 అంగుళాలు. అంటే 0.15 మిల్లీమీటరు. మీ 2.4 కాస్తా 2.25కి వస్తుంది. పాత నారి ఎంత? 2.2. మీ నీలం నాక్‌లు ఏడాది పాటు హాయిగా పనిచేసిన చోటికి దాదాపు వచ్చేసినట్టే. చిన్న గాడికీ పెద్ద గాడికీ ఉన్న తేడాయే 0.010 అంగుళాలు. అందులో సగానికి పైగా దారంతోనే సర్దేయవచ్చు. చుట్టేటప్పుడు దారం కొంత అణుగుతుంది కాబట్టి లెక్క అచ్చంగా అంతే రాదు. చివరి మాట తట్టుదే.

ఇంకోసారి నారి చేయించుకునేటప్పుడు పోగులు ఎన్ని అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. మీ నాక్ ఒకటి ఇచ్చి, ఇది దీని మీద సరిగ్గా కూర్చోవాలి అని చెప్పండి. నేను ఎప్పుడూ నాక్ ఇచ్చే చేయిస్తాను.

విప్పే ముందు ఒక జాగ్రత్త. బో స్క్వేర్ (నారికి తగిలించి ఎత్తు కొలిచే స్కేలు) పెట్టి నాకింగ్ పాయింట్ ఎత్తు రాసుకోండి, సర్వింగ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కూడా గుర్తు పెట్టుకోండి. విప్పేటప్పుడు బ్లేడుతో కోయొద్దు, కింద ఒక్క పోగు తెగినా నారి పోయినట్టే. దారం కొస వెతికి చుట్టు చుట్టుగా విప్పండి. కొత్తది చుట్టాక ముడులు కట్టేటప్పుడు నాక్ పక్కన సన్నటి అట్టముక్క పెట్టి కట్టి, తర్వాత తీసేయండి. ఆ మాత్రం చోటు చాలు.

కొత్త సర్వింగ్ మొదట కొంచెం బిగువుగా ఉంటుంది. ఒక వంద, నూట యాభై బాణాలు వేసేసరికి అణుగుతుంది. అందుకే మొదటి రోజు ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి తట్టి చూడండి. కొన్ని నెలలు పోయాక సర్వింగ్ అరిగి వదులవుతుంది, అప్పుడు కూడా నాక్ మార్చకండి, సర్వింగ్ మార్చండి.

పిన్ సంగతి. "పుంఖానుపుంఖాలుగా" అని రోజూ వాడే మాటలో పుంఖం అంటే బాణం వెనక కొసే, ఈకలూ నారి గాడీ ఉండే చోటు. ఒక బాణం పుంఖం వెంట ఇంకో బాణం పుంఖం అన్నమాట. గ్రూప్ బిగుసుకునే కొద్దీ మీకు నిజంగానే అది జరుగుతుంది, ఒక బాణం ఇంకోదాని తోకకి తగులుతుంది. నేరుగా దిగే నాక్ అయితే ఆ దెబ్బ నాక్ మెడ మీదుగా షాఫ్ట్ గోడకి చేరి కార్బన్ చీలే అవకాశం ఉంది. పిన్ ఉంటే నాక్ పగులుతుంది, మహా అయితే పిన్ వంగుతుంది, షాఫ్ట్ చాలాసార్లు బతికిపోతుంది. ఖరీదైన సన్నటి బాణాలకి పిన్ పెట్టేది అందుకే. మీది ఉంచుకోండి.

రంగు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. టార్గెట్ ముఖం మీద పసుపు, ఎరుపు, నీలం, నలుపు, తెలుపు ఉన్నాయి. ఈ ఐదూ కాని రంగు తీసుకోండి. మెరిసే గులాబీ, మెరిసే ఆకుపచ్చ దూరం నుంచి స్కోప్‌లో బాగా కనిపిస్తాయి. నీలం నాక్ నీలం వలయంలో పడితే వెతుక్కోవాలి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: పోటీలో ఒక ఎండ్‌లో వేసే బాణాలన్నీ ఒకేలా ఉండాలి, నాక్ రంగుతో సహా. సగం నీలం, సగం తెలుపు పెట్టుకుని వెళ్లొద్దు.


చెక్కబాణం:

ఇది అడిగినవాళ్లకి నేరుగా జవాబు కాదు, చెక్క బాణాలు వాడేవాళ్లు ఈ ప్రశ్న వెతుక్కుంటూ వస్తే వాళ్లకోసం.

మాకు పిన్‌లూ బోలూ ఏవీ లేవు. షాఫ్ట్ వెనక కొసని 11 డిగ్రీల వాలుతో చెక్కి, దాని మీద ప్లాస్టిక్ నాక్ జిగురుతో అంటిస్తాం. (మొన వైపు వాలు 5 డిగ్రీలు, రెండూ తారుమారు చేసుకోకండి.) నాక్ సైజు షాఫ్ట్ లావుని బట్టి 5/16, 11/32 అంగుళాలు ఇలా ఉంటుంది. అంటించే ముందు చెక్క పొరలు ఎటు ఉన్నాయో చూడాలి. నారి ఆ పొరల్ని అడ్డంగా దాటేలా గాడి పెట్టాలి. పొరల వెంబడే గాడి పెడితే నారి దెబ్బకి షాఫ్ట్ గొడ్డలి దెబ్బ తిన్న కట్టెలా నిట్టనిలువునా చీలుతుంది. చెక్కలోనే గాడి కోసుకునేవాళ్లకి ఇది రెండింతలు ముఖ్యం. వాళ్లు గాడి కింద దారం గట్టిగా చుట్టుకోవాలి కూడా.

బిగువు విషయంలో పాతనారి గారితో నాది కాస్త తేడా. నేను సైట్ లేకుండా, క్లిక్కర్ లేకుండా, బాణం ఎక్కించి వెంటనే లాగి వదిలేస్తాను. నాకు బొత్తిగా పట్టు లేని గాడి కూడా పనికొస్తుంది, ఎందుకంటే మూడు వేళ్లూ బాణాన్ని నారికి ఆనించి ఉంచుతాయి. కానీ అది కొన్నేళ్లు చేతికి అలవాటైతేనే. క్లిక్కర్ కోసం ఆగి ఆగి లాగేవాళ్లకి, పదహారు నెలల అనుభవానికి, ఆయన చెప్పిన తట్టు పరీక్షే సరైన హద్దు.

ఒక వైపు చిన్న గుబ్బ ఉన్న నాక్‌లు మా వాళ్లు ఇష్టపడతారు. చూడకుండానే బొటనవేలికి గుబ్బ తగిలితే ఈక ఎటు ఉందో తెలిసిపోతుంది.


రికర్వ్28:

పన్నెండు రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను.

నారి చేసినవాళ్లని అడిగితే 0.021 దారమే అన్నారు. 0.018 తెచ్చి, ముందు పాత నారి మీద రెండుసార్లు చుట్టి చేయి అలవాటు చేసుకున్నాను. మొదటిసారి చుట్టు వదులుగా వచ్చి బొటనవేలితో తోస్తే జరిగిపోయింది. రెండోసారి నయం. మూడోసారి కొత్త నారి మీద చుట్టాను, కాలిపర్‌లో 2.27 వచ్చింది. ముడులు పోస్ట్‌కార్డు ముక్క పెట్టి కట్టాను.

కొత్త నాక్‌లు పన్నెండూ చిన్న గాడివే తెప్పించాను, మెరిసే గులాబీ రంగు. పెట్టేటప్పుడు గాడి అన్నింటికీ ఒకే వైపు ఉందో లేదో, ఒక్కో బాణాన్నీ నారికి తగిలించి వెనక నుంచి చూసి సరిచేశాను. విడి ఈక (మూడింటిలో వేరే రంగుది) బయటికి చూసేలా. తట్టు పరీక్షలో మొదటి రోజు ఎనిమిది ఒక్క తట్టుకి పడ్డాయి, నాలుగు రెండో తట్టుకి. వారం తర్వాత పన్నెండూ ఒక్క తట్టుకే. ఏదీ తనంతట తాను పడలేదు. ఆ "టిక్" శబ్దం మళ్లీ వినిపించినప్పుడు నాకు కలిగిన సంతోషం రాస్తే మీకు తెలియదు.

18 మీటర్ల దగ్గర రెండో రోజు నుంచే ఎత్తు తగ్గింది. ఇప్పుడు పిడికిలి కన్నా కాస్త పెద్దది, అటూ ఇటూ సమానంగా.

ఒక్క బాణం తప్ప. బాణాలకి నంబర్లు రాసుకున్నాను కాబట్టి తెలిసింది, ఏడో నంబరు ఎప్పుడూ పైనే. నాక్ మార్చాను, అయినా పైనే. నాలుగు ఎండ్‌లు వరుసగా చూశాను. మిగతా పదకొండూ ఒక చోట, అది ఒక్కటే ఎగువన. దాన్ని పక్కన పెట్టాలా?


పాతనారి:

పక్కన పెట్టకండి. దాన్ని స్పిన్నర్ (బాణాన్ని తిప్పి చూసే పరికరం) మీద తిప్పి, లేదా రెండు గోళ్ల మధ్య మొన నిలబెట్టి ఊది తిప్పి, నాక్ కొసని మాత్రమే చూడండి. షాఫ్ట్ నిలకడగా ఉండి, నాక్ మాత్రం చిన్న సున్నా చుడుతుంటే పిన్ వంగింది. ఎప్పుడో తగిలి ఉంటుంది. నారి తోసేది ఆ కొసనే కాబట్టి ఎంత కొత్త నాక్ పెట్టినా బాణం వంకరగానే బయలుదేరుతుంది.

పిన్ వేడికి కరిగే జిగురుతో అంటించి ఉంటే, నాక్ తీసేసి పిన్ లోహానికి మాత్రమే కొద్దిగా వేడి తగిలించి, పటకారుతో తిప్పుతూ లాగండి. షాఫ్ట్‌కి మంట తగలనివ్వొద్దు, కార్బన్ పొరల్ని పట్టి ఉంచే రెసిన్ వేడికి పాడవుతుంది. షాఫ్ట్‌ని పిన్ పక్కనే వేళ్లతో పట్టుకోండి, మీ వేళ్లకి కాలుతోందంటే షాఫ్ట్‌కీ ఎక్కువైనట్టే. కొత్త పిన్ అంటించాక మళ్లీ తిప్పి చూడండి.


రికర్వ్28:

సున్నా చుట్టింది. కంటికి కనిపించేంత. పిన్ మార్చాను, ఇప్పుడు నాక్ నిలకడగా తిరుగుతోంది. ఇవాళ ఆరు ఎండ్‌లు వేశాను, ఏడో నంబరు మిగతావాటిలో కలిసిపోయింది. వచ్చే వారం నుంచి 30 మీటర్లు.

తెల్ల నాక్‌లు, పెద్ద గాడివి, పిన్ రకం, ఆరు ఉన్నాయి. లాగుతుండగా జారడం తప్ప వాటికి దెబ్బలేవీ తగల్లేదు, చెవులన్నీ నొక్కి చూశాను. లావు సర్వింగ్ ఉన్నవాళ్లు ఎవరికైనా తట్టి చూసుకోవడానికి పనికొస్తాయనుకుంటే చెప్పండి, పంపిస్తాను.